ఎర్రగీత వెనక్కి తగ్గిన ఉదయం

కుందిజ్ వేలికి చేపముల్లు గుచ్చుకోవడం వింతేమీ కాదు. అరాల్ సముద్రం ఒడ్డున జిదెలి ఊళ్లో పుట్టింది. అక్కడే చేపలు ఏరుతూ, వలలు అల్లుతూ ముసలిదైంది. ఆమె వేళ్ల మీద పాత గాట్లు లేని చోటు వెతుక్కోవాలి. అందుకే ఆ రోజు కొక్సెర్కె చేప వీపుముల్లు కుడిచేతి మధ్యవేలి కణుపులో దిగబడి పుటుక్కున విరిగినప్పుడు, వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, పక్కకు ఉమ్మి, మళ్లీ పనిలో పడింది.

పక్కనే చేపలు సర్దుతున్న కోడలు తోర్గిన్ అది చూసింది.

"గుడ్డ కట్టనా అత్తా?"

"దేనికి? చేప దాని పని అది చేసింది, మన పని మనం చేసుకుందాం."

ఆ మాటతో ఆ సంగతి అక్కడే అయిపోయిందనుకుంది తోర్గిన్. అయిపోలేదని ఆమెకు తెలిసింది టీ దగ్గర. ఎడమచేత్తో గిన్నె అందుకునేవాళ్లను జీవితమంతా తిట్టిపోసిన మనిషి, ఒక పొద్దున ఎడమచెయ్యి చాచింది. కుడిచెయ్యి శాలువా కింద ఉంది.

"అత్తా, ఆ చెయ్యి చూపించు."

"టీ పొయ్యవే. చల్లారుతోంది."

"చూపిస్తేనే పోస్తాను."

ఇరవై ఏళ్లు రాకముందే ఈ ఇంటికి వచ్చిన తోర్గిన్, అత్తతో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. కుందిజ్ కోపంగా చూడబోయింది గాని, కళ్లు నిలవలేదు. ఒళ్లు సలసలా కాగుతోంది. తోర్గిన్ శాలువా తీసేసింది. వేలు ఉబ్బి, మెరుస్తూ, ఎర్రగా కమిలిపోయి ఉంది. మణికట్టు దగ్గర మొదలై మోచేతి వైపు, ఎవరో ఎర్రసిరాతో గీసినట్టు ఒక గీత పాకుతోంది.

తోర్గిన్ భర్త జక్సిలిక్ ఇంట్లో లేడు. వలలతో అవతలి రేవుకు వెళ్లిన జట్టులో ఉన్నాడు. బయట గాలి ముందురోజు నుంచీ తగ్గలేదు. సముద్రం విడిచిపెట్టి వెళ్లిన నేల మీది ఉప్పూ ఇసుకా లేచి ఆకాశం అంతా తెల్లగా మూసుకుపోయింది. తోర్గిన్ ముఖానికి గుడ్డ చుట్టుకుని, గోడలు తడుముకుంటూ ఊరి వైద్యశాలకు పరుగెత్తింది.

ఆ వైద్యశాల నడిపేది సందుగాష్. డాక్టరు కాదు గాని, డాక్టరు లేని చోట ఆ పనంతా చేయడానికి చదువుకున్న మనిషి. జిదెలిలో సగంమంది పిల్లలు ఆమె చేతుల్లోకే పుట్టారు. తోర్గిన్ రెండు ముక్కలు చెప్పేసరికే సంచీ భుజాన వేసుకుని బయలుదేరింది.

వచ్చి కుందిజ్ చంకలో తడిమింది. అక్కడ బిళ్ల కట్టింది. నాడి పట్టుకుంది, రక్తపోటు చూసింది. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, ఎర్రగీత ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ చర్మం మీద నీలంగా అడ్డగీత గీసింది.

"నన్ను చేపలపెట్టె అనుకున్నావా, గుర్తులు పెడుతున్నావు?" అంది కుందిజ్.

"ఇది దాటి పైకి పోతుందేమో చూడాలి పెద్దమ్మా. రక్తంలోకి ఎక్కబోతోంది ఇది." సందుగాష్ తోర్గిన్ వైపు తిరిగింది. "అరాల్‌కు ఫోన్ చెయ్యి. అంబులెన్స్ కావాలని చెప్పు. నేను మందు చూస్తాను."

అరాల్ అంటే జిల్లా పట్నం. ఫోన్ ఎత్తిన అమ్మాయి తొందర తొందరగా అడిగింది. "రోగి పేరు?"

అత్త పేరు కోడలు నోటితో పలకడమా? పెళ్లయిన నాటి నుంచీ తోర్గిన్ ఒక్కసారి కూడా అనలేదు.

"మా అత్త."

"పేరమ్మా, పేరు."

"అదే... నీళ్లలో ఉంటుంది. మెత్తని బొచ్చు. తోక చదునుగా ఉండి..."

"ఎవరికి, మీ అత్తకా?"

కుందిజ్ అంటే వాళ్ల భాషలో బీవర్ అనే నీటిజంతువు. అంత కంగారులోనూ సందుగాష్‌కు నవ్వు ఆగలేదు. మంచం మీంచి ముసలామె గొంతు పెంచింది. "కుందిజ్ అని చెప్పవే! నేను పోయాక నా సమాధి మీద కూడా తోక బొమ్మే గీయిస్తావా?"

తోర్గిన్ ముఖం ఎర్రబడగా, కళ్లు మూసుకుని ఆ పేరు చెప్పింది. అవతలి నుంచి వచ్చిన జవాబుతో ఆ సిగ్గు కూడా మరిచిపోయింది. గాలి తగ్గేదాకా బండి కదలదు. దారి కనపడటం లేదు. పొద్దున బయలుదేరిన బండి ఒకటి ఇసుకలో కూరుకుపోయి ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరుతో మాట్లాడిస్తానంది ఆ అమ్మాయి.

సందుగాష్ ఫోన్ అందుకుని, చూసిందంతా చెప్పింది. డాక్టరు ఆలోచించకుండానే అన్నాడు. "సెఫ్ట్రియాక్సోన్ ఉందా? నరంలోకి నెమ్మదిగా ఎక్కించండి. బండి కోసం ఆగొద్దు."

"ఉంది," అంది సందుగాష్. అప్పటికే సంచీలోంచి చిన్న గాజుసీసా తీసి పెట్టింది. లోపల తెల్లటి పొడి.

"అక్కా, ఆగు," అంది తోర్గిన్. "మా అత్తకి పెన్సిలిన్ పడదు."

అది ఊరందరికీ తెలిసిన మాటే. కుందిజ్ స్వయంగా ఎన్నోసార్లు చెప్పుకుంది. చిన్నప్పుడు చేపల ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఆ సూది మందు తన రక్తానికి సరిపడలేదనీ, ఆ దెబ్బకు చచ్చి బతికాననీ. ఆ తర్వాత ఆమె ఏ సూదినీ దగ్గరకు రానివ్వలేదు. వీపు మీద కురుపు లేస్తే వేడి ఉప్పు కట్టుకుంది. పన్ను వాచి చెంప బండైనా ఓర్చుకుంది.

ఫోన్లో డాక్టరు ఆ మాట విన్నాడు. "ఈ మందు పెన్సిలిన్‌కు బంధువే. దూరపు బంధువనుకోండి. పెన్సిలిన్ పడనివాళ్లలో చాలామందికి ఇది పడుతుంది. కాని అప్పుడు ఏం జరిగిందో సరిగ్గా కనుక్కోండి. గొంతు వాచి ఊపిరి ఆడకపోయి ఉంటే మాత్రం జాగ్రత్తపడాలి. వేరే ఏముంది మీ దగ్గర?"

"మాత్రలున్నాయి. మింగింది మింగినట్టే కక్కుతోంది."

"అయితే అడగండి. నేను లైన్లో ఉంటాను."

సందుగాష్ మంచం అంచున కూర్చుంది. "పెద్దమ్మా, అప్పుడు నీకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా?"

"గుర్తులేదు."

"ముఖం వాచిందా? గొంతు పట్టేసిందా?"

"పడిపోయాను. చాలదా?"

"చాలదు. సూది గుచ్చాక పడిపోయావా, గుచ్చకముందా?"

కుందిజ్ కోడలి వైపు చూడకుండానే అంది. "తోర్గిన్, పొయ్యిలోకి కట్టెలు తీసుకురా."

"పొయ్యి మండుతూనే ఉంది అత్తా."

"ఇంకా మండాలి."

తోర్గిన్ వెళ్లింది. వసారా గదిలో సక్సౌల్ కట్టెల కుప్ప ముందు నిలబడింది. తలుపు పలకలు ఎండి సందులు పడి ఉన్నాయి. వినకూడదనే అనుకుంది. కాని కాళ్లు కదల్లేదు.

"పదిహేడేళ్లు నాకు," అంటోంది కుందిజ్ గొంతు, ఎప్పుడూ లేనంత చిన్నగా. "ఫ్యాక్టరీలో అందరికీ గొంతునొప్పులు. ఆడపిల్లలందర్నీ వరసలో నిలబెట్టారు. నేనే ముందు నిలబడ్డాను, మగవాళ్లు మోసే పెట్టెలు మోసేదాన్ని కదా. ఇనప పళ్లెంలో సూదులు సలసలా ఉడుకుతున్నాయి. ఒకటి పైకి తీసింది ఆ నర్సు. అంత పొడుగు. దాని కొసన చుక్క కనపడింది. ఆ తర్వాత నేను నేల మీదున్నాను."

"నీకు గుచ్చలేదు."

"ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. లేచేసరికి అందరూ చుట్టూ మూగి చూస్తున్నారు. ఆ మందు వాసనే నాకు పడదు అన్నాను. నమ్మారు. ఇక తర్వాత ఆ మాట వెనక్కి తీసుకునేదెలా? తుఫానులో పడవ నడిపానని నన్ను చూపించి పిల్లలకు కథలు చెప్తున్నారాయె."

సందుగాష్ నవ్వలేదు. తోర్గిన్‌కు అది బాగా నచ్చింది. "పెద్దమ్మా, ఇది ఇప్పుడు చెప్పావు చూడు, సగం వైద్యం నువ్వే చేసుకున్నావు," అంది ఆమె. ఫోన్లో డాక్టరుకు మాత్రం ఒక్క ముక్కే చెప్పింది: "మందు లోపలికి వెళ్లనే లేదట. భయంతో కళ్లు తిరిగాయి."

"మొదలుపెట్టండి," అన్నాడు డాక్టరు. అతని గొంతులో ఊరట తోర్గిన్‌కు తలుపవతలికి కూడా వినిపించింది. "అయినా, ఒకవేళ మందు వికటిస్తే వెంటనే ఇవ్వడానికి ఎడ్రినలిన్ పక్కన పెట్టుకోండి."

తోర్గిన్ కట్టెలతో లోపలికి వచ్చింది. కుందిజ్ ఆమె ముఖం వైపు ఒకసారి చూసి, "చెవులు చాలా పొడుగు నీకు," అంది. అంతే.

సందుగాష్ సీసాలోకి నీళ్లమందు ఎక్కించి ఊపింది. పొడి చూస్తుండగానే కరిగిపోయి, లేత పసుపు నీరు మిగిలింది. సంచీలోంచి ఎడ్రినలిన్ తీసి చేతికందేంత దగ్గరలో పెట్టుకుంది. కుందిజ్ ఎడమచెయ్యి చాచి, ముఖం గోడవైపు తిప్పుకుంది. కుడిచేతి మంచి వేళ్లతో తోర్గిన్ మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు తోర్గిన్ ఎముకలు కదిలినట్టయింది.

"ఇప్పుడు కళ్లు తిరిగినా పరవాలేదులే, పడుకునే ఉన్నావు," అంది సందుగాష్.

"వెటకారం తర్వాత. ఇది ఎంతసేపు పడుతుంది?"

"నెమ్మదిగా ఎక్కించాలి. కాసేపు పడుతుంది."

"అయితే మాట్లాడుతూ ఉండు. నా లోపలికి పోయి ఇది ఏం చేస్తుందో చెప్పు. నాకు తెలియనిదాన్ని నా ఒంట్లోకి రానివ్వను."

మొదట రెండు చుక్కలంత మందు ఎక్కించి సందుగాష్ ఆగింది. ముసలామె పెదాలు చూసింది, ఊపిరి విన్నది, రొమ్ము మీద దద్దురు ఏదైనా లేస్తోందేమోనని గల్లా పక్కకు లాగి చూసింది. ఏమీ లేదు. అప్పుడు మళ్లీ నొక్కుతూ మొదలుపెట్టింది.

"నీ వేలిలో దూరినవి ఉన్నాయి చూడు, ఆ క్రిములు, ఒక్కొక్కటీ చిన్న నీటితిత్తి లాంటిది. లోపల ఎంత ఒత్తిడంటే, ఊరికే వదిలేస్తే పగిలిపోతుంది. అందుకని తన చుట్టూ వల అల్లుకుంటుంది. ఆ వలే దాన్ని పగలకుండా పట్టి ఉంచేది."

కుందిజ్ కళ్లు మూసుకునే ఉంది గాని, కనుబొమలు పైకి లేచాయి. "వల కన్ను ఎంత?"

"మన కొలతకు అందదు పెద్దమ్మా."

"సరే, చెప్పు."

"అది పెరగాలంటే వల కూడా పెరగాలి కదా. అందుకని ఒక పక్క పాత ముడులు కోసుకుంటూ, ఒక పక్క కొత్తవి వేసుకుంటూ ఉంటుంది. కత్తెరా, ముడివేసే చెయ్యీ రెండూ ఒకేసారి నడవాలి. ఈ మందు పోయి ఆ చేతి ముందు దారం కొసలాగా నిలబడుతుంది. అచ్చం అలాగే ఉంటుంది, తేడా తెలియదు. చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకుందంటే ఇక వదిలించుకోలేదు, బంకలో పడ్డట్టే."

"మరి కత్తెర?"

"కత్తెర ఆగదు."

కుందిజ్ కళ్లు తెరిచింది. సూది ఉన్న వైపే తిరిగి చూసింది గాని, ఆమె చూపు సూది మీద లేదు. "కోత నడుస్తూనే ఉంటుంది, ముడి పడదు," అంది మెల్లగా. "వల చిరుగుతుంది."

"చిరుగుతుంది. లోపలి ఒత్తిడికి తిత్తి ఫట్టుమంటుంది."

"మరి నా ఒంట్లో వలలు?"

"మన ఒంట్లో అలాంటి వల లేదు. అందుకే ఇది మనల్ని ముట్టుకోదు, వాటినే వెతుక్కుంటూ పోతుంది. నాకు ఈ మందంటే అందుకే గౌరవం. కనపడ్డదాన్నల్లా నరికే కత్తి కాదు ఇది."

తోర్గిన్ ఆ పసుపు నీటి వంకే చూస్తోంది. సిరంజిలో తరిగిపోతోంది. అంత తక్కువ నీరు, చెంచాడు టీ కంటే కొంచెం ఎక్కువ, ఈ పెద్ద ఒంట్లోకి పోయి ఆ చీకటిలో ఒక్కొక్క క్రిమినీ ఎలా పోల్చుకుంటుందో! ఆమెకు భయం కూడా కాస్త సడలింది, ఆశ్చర్యం దాని చోటు లాక్కుంది.

"అల్లకుండా ఊరికే కూర్చున్న క్రిమి ఉంటే?" అడిగింది కుందిజ్.

సందుగాష్ తలెత్తి చూసింది. "దాన్ని ఏమీ చెయ్యదు. పెరిగేవాటినే పడుతుంది. అందుకే రేపు వస్తాను, ఎల్లుండీ వస్తాను. రోజుకు ఒక్కసారి చాలు, రక్తంలో చాలాసేపు నిలబడుతుంది ఇది. కాని బాగుంది కదా అని మధ్యలో ఆపకూడదు."

"పెన్సిలిన్ కూడా ఇదే పని చేస్తుందా?"

"ఇదే. కాని చాలా క్రిములు దాన్ని కొరికి పారెయ్యడం నేర్చుకున్నాయి. దీన్ని కొరకడం వాటికి కష్టం. ఇప్పుడు కొన్ని దీన్నీ కొరుకుతున్నాయి. జలుబు చేసినా దీన్నే పొడిచిపెట్టమని నా తలుపు కొట్టేవాళ్ల పుణ్యం."

కిందటి శరత్కాలంలో జలుబు చేసి సరిగ్గా అదే అడిగిన తోర్గిన్ నేలచూపులు చూసింది. "నువ్వు తిట్టి పంపావుగా అక్కా."

"తిట్టాను కాబట్టే ఇవ్వాళ ఇది మిగిలింది," అంటూ సందుగాష్ సూది బయటికి తీసి దూది అదిమింది. "అయిపోయింది పెద్దమ్మా."

"అయిపోయిందా?" అంది కుందిజ్. నమ్మలేనట్టు చేతిని చూసుకుంది. "ఇంతేనా?"

ఆ పగలంతా ఆమెకు జ్వరం దిగలేదు. ఒకసారి ఎప్పుడో చనిపోయిన చెల్లెలితో మాట్లాడింది. ఒకసారి తోర్గిన్‌ను చూసి ఎవరమ్మా నువ్వు అని అడిగింది. తోర్గిన్ తడిగుడ్డ మార్చినప్పుడల్లా చేతి మీది నీలిగీత వంక చూసేది. మధ్యాహ్నానికి ఎరుపు ఆ గీతను కాస్త దాటింది. ఆమె మళ్లీ వైద్యశాలకు పరుగెత్తింది.

"ఇంకా ఒక పూటైనా కాలేదు," అంది సందుగాష్. "అది పని మొదలుపెట్టింది. దానికి సమయం ఇవ్వు. నీళ్లు తాగించు. ఊపిరి మారితే మాత్రం వెంటనే పిలువు." అలా అన్నదే గాని తనే వెనకాల వచ్చి, సాయంత్రందాకా మంచం పక్కనే కూర్చుంది.

మర్నాడు తెల్లవారాక తోర్గిన్ ఉలిక్కిపడి లేచింది. కూర్చున్న చోటే కునుకు పట్టింది. అత్త తలదిండు తడిసి ముద్దయి ఉంది. ఒక్క క్షణం చెయ్యి వెయ్యడానికి భయపడింది. తర్వాత నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా, చెమటగా, బతికున్న మనిషి నుదురు. దుప్పటి తొలగించి చెయ్యి చూసింది. నీలిగీత అక్కడే ఉంది. ఎరుపు దానికి బాగా కిందికి, మణికట్టు దగ్గరకు జారిపోయి, పాలిపోయి ఉంది.

ఆమె నేల మీద చతికిలబడి, చప్పుడు కాకుండా ఏడ్చింది.

"ఏడిస్తే ఏడిచావు గాని, ముందు టీ పెట్టు," అంది మంచం మీంచి గొంతు. "పాలు ఎక్కువ పొయ్యి."

సందుగాష్ రెండో సూదికి వచ్చేసరికి కుందిజ్ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఈసారి ముఖం తిప్పుకోలేదు. కళ్లు చికిలించి సీసాను చూస్తూ అడిగింది. "ఇది ఎవరు కనిపెట్టారు?"

"మొదట దొరికింది ఒక బూజులో. ఇటలీవాళ్ల దీవి ఒకటుంది. అక్కడ ఊరి మురుగు సముద్రంలో కలిసే చోట నీళ్లు తీసి చూశాడట ఒక ప్రొఫెసరు. ఆ మురుగులో ఈత కొట్టే కుర్రాళ్లకు జబ్బు ఎందుకు రావట్లేదా అని ఆయన అనుమానం. ఆ నీళ్లలో ఈ బూజు ఉంది. అది క్రిముల్ని చంపుతోంది. ఆ తర్వాత ఎంతోమంది ఏళ్ల తరబడి దాన్ని చెక్కి చెక్కి ఇలా చేశారు."

"సముద్రంలోదా?" అంది కుందిజ్. "మురుగులో కూడా వెతికాడంటే వాడు మంచి జాలరి అయి ఉండేవాడు."

ఆ రోజు మధ్యాహ్నానికి గాలి తగ్గింది. ముందు జక్సిలిక్ వచ్చాడు, కనురెప్పల మీద ఉప్పు పేరుకుని, తల్లి ఎలా ఉందోనని గుమ్మంలోనే అరుస్తూ. ఆ వెనకాలే అంబులెన్స్ వచ్చింది. చేతి వాపు తగ్గుతోంది కదా, ఇక ఆసుపత్రి దేనికని కుందిజ్ మొండికేసింది. సందుగాష్ ఆమె మధ్యవేలిని వెలుగులోకి తిప్పింది. ఎరుపు తగ్గినా కణుపు దగ్గర గడ్డ అలాగే ఉంది.

"ఇక్కడ చీము గూడు కట్టింది. లోపల ముల్లు ముక్క ఉంది. అక్కడికి రక్తమే సరిగ్గా పోదు, మందెలా పోతుంది? పాకేదాన్ని మందు ఆపింది. ఇక్కడ మాత్రం కత్తి పడాలి. రెండూ ఉంటేనే నీ చెయ్యి నీకుంటుంది."

కుందిజ్ కొడుకు వంక, కోడలి వంక చూసి లేచి నిలబడింది. దారి పొడవునా డ్రైవరుతో తగువే. కిటికీ తెరవమని ఆమె, దుమ్ము వస్తుందని అతను.

అరాల్ ఆసుపత్రిలో సర్జన్ వేలు కోసి, చీము తీసి, గోధుమగింజంత ముల్లు ముక్క పళ్లెంలో వేశాడు. ఆ మొదటి సూది ఒకరోజు ఆలస్యమై ఉంటే చెయ్యి సంగతి కాదు, మనిషి సంగతే చెప్పలేకపోయేవాణ్ణి అన్నాడు తోర్గిన్‌తో. సూదులు అక్కడే పూర్తి చేశారు. వేలి కణుపు మాత్రం గట్టిపడిపోయింది. ఎంత ప్రయత్నించినా పూర్తిగా మడవదు. కుందిజ్ దాని గురించి ఫిర్యాదు చేయలేదు. మిగతావి ఉన్నాయిగా అంది.

ఇంటికి తిరిగొచ్చిన మొదటి ఆదివారం జక్సిలిక్ గొర్రెను కోశాడు. సందుగాష్‌ను పిలిచి, గదిలో పెద్దలు కూర్చునే చోట, తలుపుకు ఎదురుగా, మెత్తటి పరుపుల మీద కూర్చోబెట్టింది కుందిజ్. తన చేత్తో మంచి ముక్కలు ఏరి ఆమె పళ్లెంలో పెట్టింది. ఇరుగుపొరుగు నిండిపోయారు. మందు ఎలా పనిచేస్తుందో కుందిజ్ అందరికీ చెప్పడం మొదలుపెట్టింది, చేతులు తిప్పుతూ, దారం లేకుండానే ముడులు వేస్తూ. చెప్పేకొద్దీ క్రిములు పెద్దవైపోయి, చివరికి సొరచేపలంతయ్యాయి.

"ఏమ్మా, సరిగ్గానే చెప్తున్నానా?" అని తిరిగి చూసింది.

సందుగాష్ జవాబివ్వలేదు. ముందురాత్రంతా ఎవరిదో కాన్పు దగ్గర మేలుకుని ఉందట. చేతిలో టీ గిన్నె అలాగే ఉంది, తల గోడకు వాలిపోయింది, నిద్రపోతోంది.

కుందిజ్ వేలు పెదాల మీద పెట్టుకుని గదినంతా ఒక్క చూపుతో నోరు మూయించింది. గిన్నెను ఆమె వేళ్ల మధ్యనుంచి జాగ్రత్తగా విడిపించింది. కొక్కేనికి తగిలించి ఉన్న తన గొర్రెతోలు కోటు తెమ్మని తోర్గిన్‌కు సైగ చేసింది. ఇద్దరూ కలిసి దాన్ని ఆమె భుజాల చుట్టూ కప్పారు. తర్వాత అందరూ గొంతు తగ్గించి, గుసగుసలతోనే భోజనం ముగించారు.